చలికాలం రాత్రుళ్లు పిట్టలకి నెస్ట్ బాక్స్ ఎలా పెట్టాలి

ఇంగ్లండ్‌లో గార్డెన్ ఉన్న ఇంట్లోకి మారిన మనవాళ్లు చాలామంది నెస్ట్ బాక్స్, అంటే పిట్టలు గూడు కట్టుకునే చెక్క పెట్టె, కొనేది మార్చిలోనో ఏప్రిల్‌లోనో, ఎండ కాస్త మొహం చూపించాక, మొక్కల కోసం గార్డెన్ సెంటర్‌కి వెళ్లినప్పుడు. నేనూ మొదటిసారి అలాగే కొన్నాను. పిట్టకి మాత్రం ఆ పెట్టె అవసరం అంతకు నాలుగైదు నెలల ముందే మొదలవుతుంది, రాత్రిపూట పడుకోవడానికి. కాబట్టి ఈ ఏడాది పెట్టె పెట్టాలని ఉంటే అక్టోబర్‌లో పెట్టేయండి, ఇప్పటికే ఉంటే అక్టోబర్‌లో శుభ్రం చేసేయండి. నెలాఖరు ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతాం కదా, ఈ పని ఆ రోజుకి పెట్టుకుంటే మర్చిపోవడం ఉండదు.

అంత తొందరేమిటి అనిపిస్తే ఈ లెక్క చూడండి. గార్డెన్‌లో అందరికీ కనిపించే బ్లూ టిట్, అదే నీలం టోపీ, పసుపుపచ్చ పొట్ట ఉన్న బుల్లి పిట్ట, బరువు 11 గ్రాములు. రెన్ అనే ఇంకో పిట్ట అయితే ఇంకా తక్కువ, ఇంచుమించు ఒక పౌండు నాణెం బరువు. అంత చిన్న ఒంట్లో 40 డిగ్రీలు దాటిన వేడి రాత్రంతా నిలబెట్టుకోవాలి. డిసెంబర్‌లో లండన్ చుట్టుపక్కల సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది, మళ్లీ ఎనిమిది దాటాక గానీ సూర్యుడు రాడు. అంటే పదహారు గంటలు. చీకట్లో దానికి మేత కనిపించదు కాబట్టి పగటి ఏడెనిమిది గంటల్లో తిని ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆ రాత్రికి నూనె. బాగా చలేసిన ఒక్క రాత్రికి ఒంటి బరువులో పదో వంతు దాకా కరిగిపోతుంది. డెబ్భై కిలోల మనిషి పడుకుని లేచేసరికి ఏడు కిలోలు తగ్గిపోయాడనుకోండి, అలాంటిది రోజూ.

పెట్టె లోపల వెచ్చగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపలి గాలికీ బయటి గాలికీ పెద్ద తేడా ఉండదు, అది హీటర్ పెట్టిన గది కాదు కదా. పెట్టె చేసే మేలు వేరే. గాలి కొట్టదు, తడవదు, తలమీద ఆకాశం ఉండదు. ఈ మూడోది అర్థం కావాలంటే పొద్దున్నే మీ వీధిలో కార్లు చూడండి. ఆరుబయట పెట్టిన కారు అద్దం మీద మంచు అట్టకట్టి గీకాల్సి వస్తుంది, చెట్టు కిందో కప్పు కిందో పెట్టిన కారు అద్దం మామూలుగానే ఉంటుంది. మబ్బు లేని రాత్రి ఒంట్లో వేడి ఆకాశంలోకి పోతుంది, దానికి అడ్డంగా ఒక చెక్క ఉంటే చాలు. అందుకే చెక్క మందంగా ఉండాలి అంటాను, అది ముందుకెళ్తే చెబుతాను.

పూర్వం ఈ పని ముసలి చెట్ల తొర్రలు, గోడల సందులు, దట్టంగా అల్లుకున్న ఐవీ తీగ చేసేవి. ఇప్పుడు కొత్త ఎస్టేట్లలో గోడకి సందు ఉండదు, చుట్టూ ఫెన్స్ పలకలు, చెట్టు పుచ్చితే వెంటనే కొట్టేస్తారు. మీ ఫెన్స్ మీద ఐవీ ఉంటే మాత్రం చలికాలం అయ్యేదాకా దాన్ని కత్తిరించకండి. రాబిన్ లాంటి పిట్టలు పడుకునేది అందులోనే.

ఎవరు వస్తారు, ఎలా పడుకుంటారు అన్నది తెలిస్తే ఎన్ని పెట్టెలు కావాలో తేలిపోతుంది. బ్లూ టిట్లు, గ్రేట్ టిట్లు చలికాలం పగలంతా గుంపుగా తిరుగుతాయి. పొద్దు వాలే వేళకి మాత్రం దేని దారి దానిది, పెట్టెకి ఒకటే పిట్ట. ఒకటి ఉన్న చోటికి ఇంకోటి వస్తే లోపలున్నది ఊరుకోదు. కాబట్టి గార్డెన్‌లో చోటుంటే రెండు మూడు పెట్టెలు పెట్టండి. గూడు కట్టే కాలంలో అన్నీ నిండకపోవచ్చు, చలికాలంలో మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కో పిట్ట ఉండొచ్చు. ఇంటి పిచ్చుకలు కూడా వస్తాయి, వాటికి కాస్త పెద్ద కన్నం కావాలి.

రెన్ సంగతి పూర్తిగా వేరు. గోధుమరంగు, నిక్కించిన పొట్టి తోక, నేల వారగా పొదల కింద చుంచెలుకలా జారిపోతూ ఉంటుంది. పగలు ఇంకో రెన్‌ని తన జాగాలోకి అడుగు పెట్టనివ్వదు. గడ్డకట్టే చలి పట్టుకుందంటే ఆ పంతం పక్కనబెట్టి ఒకే పెట్టెలోకి ఒకదాని వెనక ఒకటి దూరి, తలలు లోపలికి, తోకలు బయటికి పెట్టి, ఒక వరస మీద ఇంకో వరసగా సర్దుకుంటాయి. 1969 చలికాలంలో నార్‌ఫోక్‌లో ఒక మామూలు నెస్ట్ బాక్స్‌లో 61 రెన్‌లు పడుకున్నాయని లెక్కగట్టారు. ఆ పెట్టె ఏ వైపు కొలిచినా 15 సెంటీమీటర్లు దాటదు. ఈ సంగతి చదివిన రోజు నేను మా పెట్టె దగ్గర నిలబడి చేత్తో కొలుచుకుంటూ చాలాసేపు ఉండిపోయాను. 1962-63 చలికాలం ఈ దేశంలో నెలల తరబడి మంచు కరగలేదు, అప్పుడు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న పిట్టల్లో రెన్ ఒకటి. అందుకే ఒక పెట్టె వాటి కోసం కాస్త కిందుగా, పొదల దగ్గర పెట్టమంటాను.

లాంగ్ టెయిల్డ్ టిట్లు మీ గార్డెన్‌కి రోజూ వచ్చినా పెట్టెలోకి రావు. అవి ముళ్లపొదలో ఒక కొమ్మ మీద ఒకదానికొకటి ఒరుసుకుని వరసగా కూర్చుంటాయి. రాలేదని బాధపడకండి.

ఇక పెట్టె. కొనేటప్పుడు అందం చూడకండి, చెక్క మందం చూడండి. కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. రంగురంగుల ఇంటి బొమ్మలా ఉండేవి, పల్చటి ప్లైవుడ్‌వి, రేకు కప్పువి అన్నీ ఫొటోకి బాగుంటాయి కానీ వేసవిలో కాగుతాయి, చలికాలంలో గాలి దూరుతుంది. కన్నం కింద పిట్ట నిలబడేందుకు పుల్ల ఉందంటే అది కొనొద్దు. బ్లూ టిట్‌కి ఆ పుల్ల అక్కర్లేదు, గోళ్లతో చెక్క పట్టుకుని దూరుతుంది, ఆ పుల్ల ఉపయోగపడేది బ్లూ టిట్‌ని వేటాడే వాటికి. కన్నం కొలత బ్లూ టిట్‌కి 25 మిల్లీమీటర్లు, గ్రేట్ టిట్‌కి 28, ఇంటి పిచ్చుకకి 32. ఒకే పెట్టె కొనేవాళ్లు 32ది తీసుకోండి, చిన్నవి కూడా అందులో దూరతాయి. కన్నం చుట్టూ ఇత్తడి రేకు బిగించి ఉంటే మరీ మంచిది, ఉడతలూ వడ్రంగి పిట్టలూ దాన్ని పెద్దది చేయలేవు.

సొంతంగా చేస్తారా, ఇంకా మంచిది, ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని కూర్చోబెట్టుకుని అయిపోతుంది. 15 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు మీటరున్నర పొడవు ఉన్న రంగు వేయని చెక్క పలక ఒకటి చాలు. అడుగు కనీసం 10కి 12 సెంటీమీటర్లు రావాలి, కన్నం అడుగు నుంచి కనీసం 12.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, లేకపోతే పిల్లి చేయి పెట్టి అందుకుంటుంది. అడుగున నాలుగు చిన్న బెజ్జాలు వేయండి, నీళ్లు దిగడానికి. కప్పు ముందుకు వాలుగా ఉండి కన్నం మీదికి గొడుగులా రావాలి. పాత సైకిల్ ట్యూబ్ ముక్క కప్పుకీ వెనక పలకకీ కలిపి కొడితే అదే బందులా పనిచేస్తుంది, వాన నీరూ దిగదు. ముందు ఒక కొక్కెం పెట్టండి. లోపల మాత్రం పెయింట్, వార్నిష్, చెదల మందు ఏదీ వేయకూడదు. లోపలి గోడ గరుకుగా ఉండాలి, నున్నగా రుద్దకండి, పిట్ట పైకి ఎక్కి బయటికి రావాలి కదా.

తగిలించడంలో మొదటి మాట దిక్కు. కన్నం ఉత్తరానికీ తూర్పుకీ మధ్యలో ఎటైనా చూడొచ్చు. ఇక్కడ వాన గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి కొడుతుంది, దక్షిణానికి పెడితే వేసవిలో పిల్లలు ఉడికిపోతాయి. ఎత్తు రెండు నుంచి నాలుగు మీటర్లు. రెన్ కోసం అన్నాను చూడండి, అది ఇంకాస్త కిందైనా పర్లేదు, ఆకుల చాటున ఉంటే చాలు. పైభాగం ఒక వేలు మందం ముందుకు వాలేలా పెట్టండి. కన్నం ముందు ఎగిరొచ్చే దారి ఖాళీగా ఉండాలి, పిల్లి కూర్చునేంత గోడ గానీ కొమ్మ గానీ దగ్గర్లో ఉండకూడదు.

అద్దె ఇల్లు అయితే గోడకి డ్రిల్ వేయడానికి టెన్షన్ పడతారు, తెలుసు. చెట్టు ఉంటే మేకు కొట్టకుండా, పాత నీళ్ల పైపు ముక్క తొడిగిన తీగతో కట్టేయండి. చెట్టుకీ గాయం ఉండదు, ఇల్లు మారినప్పుడు విప్పి పట్టుకుపోవచ్చు. ఏటేటా ఆ తీగ కాస్త వదులు చేయాలి, చెట్టు లావెక్కుతుంది కాబట్టి.

పాత పెట్టె ఉన్నవాళ్లకి అసలు పని శుభ్రం చేయడం. దీన్ని వదిలేస్తే మిగతావన్నీ చేసినా ఉపయోగం తక్కువ. ఎందుకంటే ఎండాకాలంలో పిల్లలు ఎగిరిపోయాక ఆ గూట్లో ఫ్లీలు, అంటే పిట్టల రక్తం తాగే చిన్న పురుగులు, పట్టుగూళ్లు కట్టుకుని చలికాలమంతా కూర్చుంటాయి. వెచ్చటి ఒళ్లు తగిలితే లేస్తాయి. గ్లవ్స్, మాస్క్ వేసుకోండి, ఇంటి లోపల కాకుండా బయటే తెరవండి. మొదట నెమ్మదిగా చెక్క మీద తట్టి, లోపల ఎవరూ లేరని తేల్చుకోండి. ఈ పని పగలే, మధ్యాహ్నం లోపే చేయాలి.

మా పెట్టె తెరిచినప్పుడు అడుగున అరచేయంత మందంగా నాచు, దాని మీద కుక్క వెంట్రుకలు, మధ్యలో మా అమ్మాయి పాత స్వెటర్‌లోది అనిపించిన ఎర్ర ఊలు పోగు ఒకటి గిన్నెలా చుట్టి ఉంది. ఆ గిన్నెలో ఒక గుడ్డు, తెల్లటి పెంకు మీద ఎర్రటి చుక్కలు, పొదగకుండా మిగిలిపోయింది. ఇలాంటి గుడ్డు కనిపిస్తే ఒక మాట గుర్తుంచుకోవాలి, ఇంగ్లండ్‌లో దాన్ని తీసేయడానికి సెప్టెంబర్ నుంచి జనవరి మధ్యలోనే చట్టం ఒప్పుకుంటుంది, తీసింది దాచుకోకూడదు, పారేయాలి. 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం ప్రకారం వాడుకలో ఉన్న గూటిని తీసేయడం, పాడుచేయడం నేరం. పిల్లలకి కూడా ఇది చెప్పండి, గుడ్డు చూడగానే దాచుకుంటామని అడుగుతారు.

గూడంతా తీసి చెత్తలో వేశాక లోపలి గోడలు గీకి, కెటిల్‌లో బాగా మరిగిన నీళ్లు మూలమూలలా పోయండి. అంతే, సబ్బు వద్దు, పురుగుల మందు అసలే వద్దు. మూత తెరిచి ఒకటి రెండు రోజులు ఎక్కడైనా కప్పు కింద ఆరనివ్వండి. తడి పెట్టెలో చలి రెట్టింపు. పూర్తిగా ఆరాక గుప్పెడు చెక్క పొట్టు, చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా వస్తుందే అది, అడుగున పరవండి. పెంపుడు జంతువుల షాపులో దొరుకుతుంది. ఎండుగడ్డి కొంచెమైనా పర్లేదు, స్ట్రా, అంటే కోత అయ్యాక మిగిలే పైరు కాడలు, మాత్రం వద్దు. బట్ట ముక్కలు, దూది వేయకండి, గోళ్లకి చుట్టుకుంటాయి, తడిస్తే ఆరవు.

ఇక ఆ తర్వాత రాత్రిపూట పెట్టె తెరవకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మొదటి ఏడాది నేను ఆ తప్పు చేశాను. జనవరిలో ఒక సాయంత్రం, ఉందా లేదా అని టార్చ్ పట్టుకుని మూత ఎత్తాను. రెప్పపాటులో మొహం పక్కనుంచి ఏదో దూసుకుపోయింది. బయట చీకటి, మైనస్ రెండు డిగ్రీలు. చీకట్లో తిరిగి రావడానికి దానికి దారి కనిపించదు. ఆ రాత్రి అది ఎక్కడ పడుకుందో, అసలు పడుకుందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ చలికాలంలో మళ్లీ ఆ పెట్టెలోకి ఏదీ రాలేదు.

ఉందో లేదో తెలుసుకోవడానికి మంచి దారులు రెండున్నాయి. ఒకటి, పట్టపగలు, నెలకి ఒకసారి మూత తెరిచి అడుగు చూడడం. పడుకుని వెళ్తుంటే చెక్క పొట్టు మీద చిన్న చిన్న రెట్టలు, ముదురు రంగులో, చివర తెల్లగా, ఒకే మూలన పోగుపడి ఉంటాయి. ఎక్కువైతే ఆ పొట్టు తీసి కొత్తది వేయండి.

రెండోది నాకు ఇష్టమైనది, కిటికీలోంచి చూడడం. మా వంటింటి కిటికీకి ఎదురుగా పెట్టె ఉంటుంది. డిసెంబర్‌లో మూడున్నరకి టీ పెట్టుకుని లైటు ఆర్పేసి నిలబడతాను. మేత పెట్టే ఫీడర్ దగ్గర సందడి తగ్గుతుంది, బ్లాక్‌బర్డ్‌లు టక్ టక్ మని అరుస్తుంటాయి. నాలుగుకి ఇంకో పది నిమిషాలుందనగా బ్లూ టిట్ వచ్చి ఫెన్స్ మీద వాలుతుంది. అటూ ఇటూ చూస్తుంది. యాపిల్ కొమ్మ మీదికి ఒక గెంతు. ఇంకోసారి చూపు. కన్నం అంచు పట్టుకుని తల లోపల పెట్టి, మళ్లీ బయటికి తీసి, ఆఖరికి లోపలికి జారిపోతుంది. ఇదంతా నిమిషం కూడా పట్టదు. మబ్బుగా ఉంటే ఇంకా ముందే వస్తుంది, కాబట్టి గడియారం కంటే వెలుతురు చూసి నిలబడండి. పొద్దున ఎనిమిదికి కాస్త ముందు కన్నంలో తెల్లటి బుగ్గలు కనిపిస్తాయి, ఒక్క క్షణం ఆగి, నేరుగా ఫీడర్‌కే. లోపల చూడాలనుంటే కెమెరా ఉన్న పెట్టె కొనండి, దాని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పిట్టకి ఇబ్బంది కాదు. ఈకలు ఉబ్బించుకుని, ముక్కు వీపు ఈకల్లో దాచుకుని, బంతిలా కనిపిస్తుంది. కెమెరా కూడా అక్టోబర్‌లోనే బిగించాలి, పిట్ట అలవాటు పడ్డాక కాదు.

మేత గురించి కొంచెం, ఎందుకంటే ఖాళీ కడుపుతో పడుకుంటే పెట్టె ఉన్నా లాభం లేదు. పొట్టు తీసిన పొద్దుతిరుగుడు గింజలు, కొవ్వు ఉండలు అన్నిటికంటే బలం. ఉండల చుట్టూ ఉండే నైలాన్ వల తీసేయండి, కాళ్లు చిక్కుకుంటాయి. పొద్దున్న, మళ్లీ రెండు రెండున్నర మధ్యలో వేస్తే రాత్రికి సరిపడా తింటాయి. ఫీడర్ నెస్ట్ బాక్స్‌కి ఆనుకుని పెట్టకండి, ఆ గోలకి పడుకునే పిట్ట జంకుతుంది. వారానికోసారి ఫీడర్ కడగండి, రోజూ గడ్డకట్టిన నీళ్ల పళ్లెం మార్చండి, మంచు కరగాలని అందులో ఉప్పు వేయొద్దు.

మన వంటింట్లోవి కొన్ని పనికొస్తాయి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, ఊళ్లో మా నాయనమ్మ పిచ్చుకల కోసం చూరుకి వరికంకుల కుచ్చు కట్టేదని చెబుతూ, పొద్దున్నే ఇంత వండిన అన్నం పళ్లెంలో పెట్టేది. ఉప్పు వేయని అన్నం నిక్షేపంగా పెట్టొచ్చు, గడ్డు చలిలో అన్ని రకాలూ తింటాయి. పులిహోర, ఉప్మా, ఉప్పు వేయించిన పల్లీలు వద్దు, ఆ ఉప్పు చిన్న పిట్టలకి విషమే. పచ్చి కొబ్బరి చిప్పలో నీళ్లు పారబోసి, కడిగి, బోర్లా వేలాడదీస్తే బ్లూ టిట్లు తలకిందులుగా వేలాడుతూ తింటాయి. ప్యాకెట్లో వచ్చే ఎండు కొబ్బరి తురుము మాత్రం పెట్టొద్దు, కడుపులోకి వెళ్లాక ఉబ్బుతుంది. బియ్యం, కందిపప్పు పోస్తే వచ్చేవి పావురాలే.

అమెరికాలో ఉన్నవాళ్లు అడుగుతుంటారు, అక్కడ పిట్టలు వేరు, సూత్రం ఇదే. చికడీ అనే చిన్న పిట్ట రాత్రి ఒంటి వేడిని పది డిగ్రీల పైనే తగ్గించుకుని తెల్లవార్లూ గడుపుతుంది, ఒంటరిగానే. ఈస్టర్న్ బ్లూబర్డ్‌లు మన రెన్‌ల లాగా గుంపుగా ఒకే పెట్టెలో చేరతాయి. అక్కడ పడుకోవడానికే చేసిన రూస్ట్ బాక్స్‌లు దొరుకుతాయి, వాటికి కన్నం కిందుగా ఉంటుంది, వెచ్చటి గాలి పైనే నిలిచిపోవాలని, లోపల కూర్చోవడానికి పుల్లలు ఉంటాయి. బ్లూబర్డ్ పెట్టె ఇప్పటికే ఉంటే చలికాలానికి దాని పక్క సందులు ఫోమ్ పట్టీతో మూసేసి, ఎండలు రాగానే తీసేయండి.

ఫిబ్రవరి 14 నుంచి ఇక్కడ నేషనల్ నెస్ట్ బాక్స్ వీక్ జరుగుతుంది, పిట్టల మీద పరిశోధన చేసే బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ, అదే బీటీవో, వాళ్లు 1997 నుంచి నడుపుతున్నారు. అక్టోబర్‌లో కుదరని వాళ్లు కనీసం అప్పటికైనా పెట్టెయ్యండి. అంతకుముందే పెట్టినవాళ్లు ఆ వారానికల్లా ఆఖరిసారి రెట్టలు తుడిచి, పొట్టు మార్చి, ఇక మూత జోలికి వెళ్లకుండా ఉండండి. చలికాలమంతా పడుకున్న పెట్టెనే చాలాసార్లు గూటికి ఎంచుకుంటాయి. మా దాంట్లో పోయిన ఏడాది మార్చి 22న, మధ్యాహ్నం పూట, బ్లూ టిట్ ముక్కున పచ్చటి నాచు పట్టుకుని కన్నం దగ్గర ఆగింది, అటూ ఇటూ చూసి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చేసరికి ముక్కు ఖాళీ.